యానాం నుంచి అంతర్వేది దాకా: గోదావరి లంకల్లో సైకిల్ దారులు

ధవళేశ్వరం దాటాక గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య చిక్కుకున్న నేలే కోనసీమ. ఏ వైపు నుంచి లోపలికి వెళ్లాలన్నా ఒక వంతెనో, ఒక రేవో దాటక తప్పదు. గౌతమి ఎడమ గట్టున, కోనసీమకు ఎదురుగా ఉన్నది యానాం.

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక జిల్లా. రాజధానికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఆంధ్రప్రదేశ్ నడుమ, సుమారు 30 చదరపు కిలోమీటర్ల తెలుగు నేల. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడివారు 55,626 మంది. హొసూరు నుంచో, చెన్నై నుంచో, బరంపురం నుంచో వచ్చే మనవాళ్లు చాలామంది కారులో వచ్చి, నది ఒడ్డున ఫొటోలు దిగి, చర్చి చూసి, సాయంత్రానికల్లా వెళ్లిపోతారు. లంకలు, లాకులు, కాలువగట్లు, రేవులు కారు అద్దంలోంచి కనబడవు. వాటికి సైకిలే సరైన బండి. నేల బల్లపరుపుగా ఉంటుంది. వంతెనల మీదా ఏటిగట్టు ఎక్కేటప్పుడూ తప్ప ఎత్తు అన్న మాట లేదు. ఇబ్బందల్లా ఎండ, ఎదురుగాలి, హైవే మీది లారీలు.

యానాంను కేంద్రంగా పెట్టుకుని తొక్కగల ఆరు దారులను ఇక్కడ ఇస్తున్నాం. మొదటిది పిల్లలతో కూడా వెళ్లదగ్గది, చివరిది రెండు రోజుల ప్రయాణం. దూరాలన్నీ సుమారు లెక్కలే. మీరు ఎంచుకునే గట్టును బట్టి నాలుగైదు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి.

ముందు పేర్లు తెలుసుకుందాం

ఈ ప్రాంతంలో దారి అడగాలంటే ఊరి పేర్ల చివర ఉన్న మాటలు తెలిసి ఉండాలి. లంక అంటే నది మధ్య గానీ ఒడ్డున గానీ ఒండ్రు మేట వేసి ఏర్పడిన నేల. తిప్ప అంటే ఇసుక దిబ్బ. మొగ అంటే పాయ సముద్రంలో కలిసే చోటు. రేవు అంటే పడవ ఆగే తావు. పంటు అంటే మనుషులతో పాటు బళ్లను కూడా దాటించే బల్లకట్టు పడవ. లాకులు అంటే కాలువలో నీటి మట్టాన్ని మార్చి పడవల్ని దాటించడానికి కట్టిన తలుపులు.

ఇంకో చిక్కు ఉంది. యానాం ఒక్కటి కాదు. కాట్రేనికోన మండలంలో చిర్రయానాం ఉంది. ఉప్పలగుప్తం మండలంలో ఎస్. యానాం ఉంది. ఈ రెండూ ఆంధ్రప్రదేశ్‌లోని సముద్రతీర గ్రామాలు. "యానాం బీచ్" అని ఫోన్‌లో వెతికి ఎస్. యానాం చేరితే, పుదుచ్చేరి యానాం నుంచి మీరు గోదావరికి అవతల, పదుల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. అలాగే ఇక్కడ పోలవరం అంటే ఐ. పోలవరం, ఆనకట్ట కడుతున్న పోలవరం కాదు.

1. యానాం ఊరు, దరియాలతిప్ప: రానూపోనూ 25 కిలోమీటర్ల లోపు

తెల్లవారుజామున నది ఒడ్డున బయలుదేరండి. ఊళ్లో చూడవలసినవి దగ్గర దగ్గరగానే ఉంటాయి: 1846 నాటి సెయింట్ ఆన్స్ కేథలిక్ చర్చి, మీసాల వెంకన్నగా పేరుపడ్డ వెంకటేశ్వరస్వామి గుడి, నదికి అభిముఖంగా ఉన్న భరతమాత విగ్రహం. ఫ్రెంచివాళ్లు 1723లో ఇక్కడ మొదట స్థావరం పెట్టారు. 1954లో వారి పాలన ముగిసింది. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధిస్తూ 1929లో శారదా చట్టం వచ్చినప్పుడు అది యానాంలో చెల్లలేదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్లి బృందాలు ఇక్కడికి తరలివచ్చేవి. యానాంకు కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. పేరు అందంగా ఉన్నా, దాని వెనక ఉన్నది చిన్నపిల్లల పెళ్లిళ్లు.

ఊరు దాటి నది పారే వైపే వెళితే దరియాలతిప్ప వస్తుంది. ఇది కూడా యానాం పరిధిలోదే. గౌతమి ఇక్కడ సముద్రానికి దగ్గరవుతూ బాగా వెడల్పవుతుంది. ఒక పక్క మడ చెట్లు, ఇంకో పక్క మత్స్యకారుల పేటలు. ఉదయం పూట వలలు బాగుచేసుకునేవాళ్లు, చేపలు ఎండబెట్టేవాళ్లు కనిపిస్తారు. ఫొటో తీసే ముందు ఒక మాట అడగండి. బురదలో దిగకండి, ఈతకు అసలే వద్దు. పోటు, పాటు మారేటప్పుడు నీటి లాగుడు పైకి కనబడదు.

వరదకాలంలో వస్తే పులస గురించి వినకుండా వెళ్లలేరు. సముద్రంలో ఉండే ఈ చేప గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది. సముద్రంలో దొరికితే విలస, నదిలో దొరికితే పులస. జూలై నుంచి సెప్టెంబరు దాకా యానాం మార్కెట్‌లో దాని వేలమే ఒక వార్త. ధర ముందే అడిగి కూర్చోండి.

2. యానాం నుంచి కోరంగి, చొల్లంగి: వెళ్లేటప్పుడు సుమారు 20 కిలోమీటర్లు

కాకినాడ వైపు తాళ్లరేవు మీదుగా వెళ్లే దారి ఇది. కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. ఓడలు కట్టే చోటు కూడా. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టాయి. అయినా పేరు పోలేదు. ఈ తీరం నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు. వలస వెళ్లిన కుటుంబాల వాళ్లు ఎవరైనా ఈ ఊరి బోర్డు దగ్గర కాసేపు ఆగుతారు. చూడడానికి ఏమీ మిగలకపోయినా ఆగదగ్గ చోటే.

కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న మడ అడవి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. చెక్క వంతెన మీద నడుస్తూ మడ చెట్ల శ్వాసవేళ్లను దగ్గరగా చూడవచ్చు. నీటి కుక్కలు, బావురుపిల్లులు ఇక్కడివే, కానీ పగటి పూట కనిపించడం అరుదు. సైకిల్‌ను లోపలికి తీసుకెళ్లలేరు, తాళం తెచ్చుకోండి. కాకినాడ ముఖాన తుపాను గాలిని, అలను కొంతైనా ఆపేది ఈ అడవీ, సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకమేటా.

ఇంకాస్త ముందుకెళితే చొల్లంగి. పుష్య అమావాస్యకు ఇక్కడ తీర్థం జరుగుతుంది. అప్పుడే ఇక్కడ సముద్రస్నానం చేసి, గోదావరి ఏడు పాయల సంగమాలనూ దర్శించుకుంటూ మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరడం పాతకాలపు సప్తసాగర యాత్ర. అంటే ఈ వ్యాసంలోని దారి కొత్తదేమీ కాదు. మన పెద్దలు కాలినడకనా, పడవల మీదా వెళ్లిన దారినే మనం సైకిల్ మీద పట్టుకుంటున్నాం.

జాగ్రత్త: ఈ దారి చాలా వరకు 216వ నంబరు జాతీయ రహదారి. లారీలు, రొయ్యల వ్యాన్లు వేగంగా వస్తాయి. ఉదయం 8 గంటల లోపు ముగించుకునేలా బయలుదేరండి. చీకటి పడ్డాక వద్దు.

3. ఎదుర్లంక వారధి, మురమళ్ల: రానూపోనూ 20 నుంచి 25 కిలోమీటర్లు

2002కు ముందు యానాం నుంచి కోనసీమలోకి వెళ్లాలంటే పంటే గతి. ఆ ఏడాది గౌతమి మీద యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చింది. అదే సంవత్సరం మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. ఆయన ఈ కోనసీమ వాడే.

వారధి మీద సైకిల్ తొక్కడం ఈ ప్రాంతంలో దొరికే గొప్ప అనుభవాల్లో ఒకటి. కింద గౌతమి, రెండు వైపులా కొబ్బరి తోపుల గీత. అయితే గాలి పక్క నుంచి కొడుతుంది. చూడాలనిపిస్తే తొక్కుతూ చూడకండి, దిగి అంచున నిలబడి చూడండి. వారధి దిగితే ఐ. పోలవరం మండలం. కొద్ది దూరంలో మురమళ్ల. ఇక్కడి వీరేశ్వరస్వామికీ భద్రకాళికీ నిత్యకల్యాణం జరుగుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు హైవే వదిలి ఏటిగట్టు పట్టుకోండి. గట్టు దారి కొంత తారు, కొంత మట్టి. వాన పడితే నల్ల బురద చక్రానికి పట్టేస్తుంది.

4. ద్రాక్షారామం, కోటిపల్లి, ముక్తేశ్వరం చుట్టు: 60 నుంచి 70 కిలోమీటర్లు

ఆరింటిలో మాకు బాగా నచ్చినది ఇదే. ఒక రోజు పడుతుంది. యానాం నుంచి ఇంజరం మీదుగా ద్రాక్షారామం చేరతారు. పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం ఇక్కడుంది. తూర్పు చాళుక్యుల కాలం నాటి గుడి. శివలింగం రెండంతస్తుల ఎత్తున ఉంటుంది. గోడల మీద శాసనాలు లెక్కకు మిక్కిలి. తెలుగు లిపి ఎలా మారుతూ వచ్చిందో చూడాలనుకునేవారు ఒక గంట అదనంగా పెట్టుకోవాలి.

అక్కడి నుంచి కోటిపల్లి. సోమేశ్వరుణ్ణి దర్శించుకుని రేవుకు దిగితే పంటు ఉంటుంది. సైకిల్‌ను పంటు ఎక్కించుకుంటారు. అవతల ఒడ్డు ముక్తేశ్వరం. అక్కడి నుంచి కాలువల పక్కగా అయినవిల్లి సిద్ధివినాయకుడి గుడి, తర్వాత ముమ్మిడివరం, ఎదుర్లంక వారధి, మళ్లీ యానాం.

రేవు గురించి ఖచ్చితంగా చెప్పవలసిన మాట ఒకటుంది. 2018 జూలైలో ఐ. పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి బడికి వెళ్లే పిల్లలు గోదావరిలో కొట్టుకుపోయారు. లంకల్లో పడవ అనేది సరదా కాదు. బడికీ, ఆసుపత్రికీ, బజారుకూ ఇదే దారి. మీరు ఎక్కే పంటులో లైఫ్ జాకెట్లు ఉన్నాయా, జనం ఎక్కువయ్యారా చూసుకోండి. జాకెట్ ఇవ్వకపోతే అడగండి. అడిగేవాళ్లు ఎక్కువైతే రోజూ దాటేవాళ్లకే మేలు. నీళ్లు ఎర్రగా మారి ఉధృతి పెరిగితే పంటు ఆపేస్తారు. అప్పుడు చిన్న నావ వాడెవడో "నేను దాటిస్తానండీ" అన్నా ఒప్పుకోకండి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి.

5. అగ్రహారాల దారి: అమలాపురం నుంచి గన్నవరం, వెళ్లేటప్పుడు సుమారు 20 కిలోమీటర్లు

యానాం నుంచి అమలాపురం 30 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇది 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు ముఖ్యపట్టణం. ఇప్పుడు ఆ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ. రాత్రి బస ఇక్కడ చేసి తెల్లారే బయలుదేరవచ్చు.

అమలాపురం దాటగానే బండారులంక. చేనేత ఊరు. మగ్గం చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. చీర కొనేట్టయితే నేసినవాళ్ల దగ్గరే కొనండి. తర్వాత అంబాజీపేట, కొబ్బరి మార్కెట్‌కు పేరుపడ్డ ఊరు. కురిడీ, ఎండు కొబ్బరి, బోండాం ధరలన్నీ ఇక్కడి మాట మీదే నడుస్తాయి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లను లెక్కలేనన్ని కూల్చింది. ఆ రాత్రి తీరంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది గనక, ఇక్కడి నడివయసు వాళ్లు కాలాన్ని ఇప్పటికీ "తుపానుకు ముందు, తుపాను తర్వాత" అని లెక్కపెడతారు.

అంబాజీపేట మండలంలోనే మొసలపల్లి జగ్గన్నతోట. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు ఇక్కడికి వస్తాయి. రంగురంగుల ఎత్తైన ప్రభలను భుజాల మీద మోస్తూ, నిండుగా పారే కాలువలోకి దిగి దాటిస్తారు. ఆ రోజున సైకిల్‌ను రెండు మూడు కిలోమీటర్ల ముందే ఎవరి అరుగు మీదైనా పెట్టి నడవాలి. ఇక్కడివాళ్లు కాదనరు. "ఆయ్, పెట్టుకోండి" అంటారు. గోదావరి మాటల్లో 'ఆయ్' అంటే అవునండీ అని.

దారి చివర పి. గన్నవరం. వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడక్ట్ ఇక్కడుంది. కింద నది, పైన కాలువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఆ రోజుల్లోనే పాతది కట్టారు. దాని పక్కనే 2000లో వచ్చిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841 నుంచి 1909 దాకా జీవించిన ఆ తల్లి, లంకల గన్నవరంలో తన గడప తొక్కిన ప్రతి బాటసారికీ వేళ కాని వేళ కూడా అన్నం పెట్టింది. దారిన పోయేవాళ్లకు గుర్తు ఉండవలసిన పేరు అది.

6. సముద్రం వెంట అంతర్వేది: రెండు రోజులు

అమలాపురం నుంచి దక్షిణాన ఉప్పలగుప్తం మీదుగా ఎస్. యానాం తీరానికి గానీ, అల్లవరం మీదుగా ఓడలరేవుకు గానీ వెళ్లవచ్చు. ఒక్కో దారి సుమారు 20 కిలోమీటర్లు. తీరం దగ్గరపడే కొద్దీ వరి పోయి రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు వస్తాయి. ఈ చెరువులతో కొందరు బాగుపడ్డారు. పక్క పొలాల వాళ్లు మాత్రం బావి నీరు ఉప్పెక్కిందని చెబుతారు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి ఖరీఫ్ సాగు మానేశారు. పచ్చగా కనబడే ప్రతి పొలమూ లాభంలో ఉందనుకోకూడదు.

పడమటికి వెళ్లాలంటే బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటాలి. అవతల పాశర్లపూడి. 1995 జనవరిలో ఇక్కడ చమురు బావి పేలి వారాల తరబడి మంటలు ఆరలేదు. అక్కడికి దగ్గర్లో వైనతేయ ఒడ్డున అప్పనపల్లి బాలబాలాజీ గుడి. రాత్రికి రాజోలులో గానీ, వశిష్ఠ ఒడ్డున దిండిలో గానీ ఆగవచ్చు. మర్నాడు మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి ఆలయం, లైట్‌హౌస్, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. మాఘంలో స్వామివారి కల్యాణానికి లక్షల్లో జనం వస్తారు. ఆ నాలుగు రోజులు సైకిల్ యాత్రకు పనికిరావు. తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నరసాపురం, అక్కడ రైలుంది.

ఎప్పుడు, ఎలా

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సంక్రాంతికి పొలాలు కోతలయి ఉంటాయి, కాలువల్లో నీళ్లుంటాయి. మార్చి నుంచి ఎండతో పాటు ఉక్క. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అందం సగం పోతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరదలు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం.

రైలులో వచ్చేవాళ్లు కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో దిగాలి. కాకినాడ నుంచి యానాం సుమారు 30 కిలోమీటర్లు. కోనసీమ లోపలికి ఇంకా రైలు లేదు. సొంత సైకిల్‌ను రైల్వే పార్శిల్‌లో వేసుకుని రావడం మేలు. ప్రతి ఊళ్లో పంక్చర్ షాపు ఉంటుంది కానీ, గేర్ల సైకిల్ ట్యూబులు, బ్రేకు సామాన్లు దొరకవు. రెండు ట్యూబులు, పంపు వెంట ఉంచుకోండి. నీళ్ల బాటిల్ ఒకటి చాలు, మిగతాది కొబ్బరి బోండాం చూసుకుంటుంది. ఉదయం దిబ్బరొట్టె, మధ్యాహ్నం పనసపొట్టు కూరతో భోజనం దొరికితే వదలకండి.

యానాం సరిహద్దు మీద గేటు ఉండదు, కానీ చట్టం మారుతుంది. యానాంలో మద్యం చవక అని సీసాలు సంచిలో వేసుకుని వారధి దాటితే ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటారు. సైకిలని వదలరు.

లంకలు శాశ్వతం కావు. వరద వచ్చినప్పుడల్లా ఒక వైపు కోసుకుపోతాయి, ఇంకో వైపు మేట వేస్తాయి. ఈ వ్యాసంలోని గట్టు దారి మీరు వచ్చే నాటికి తెగి ఉండవచ్చు. అందుకే బయలుదేరే ముందు రోజు ఊళ్లో ఒకరిని అడగండి. వానాకాలంలో అయితే ధవళేశ్వరం మట్టం చూడండి: 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జూలైలో మూడోది దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు లంకలతో పాటు యానాం వీధులు కూడా మునిగాయి. మొదటి హెచ్చరిక వినగానే రేవుల దారులు మానేయండి. రెండోది వస్తే గట్టు దిగి ఇంటికి వెళ్లండి. ఆ వేళ ఆ గట్లు లంకవాళ్లకూ, వాళ్ల పశువులకూ కావాలి.